తల్లి మాట, బ్యాచ్ నంబరు

ఐర్లండ్ సుప్రీంకోర్టు 1992 జూన్‌లో ఇచ్చిన తీర్పు ఒకటి చాలాకాలంగా నా దగ్గరుంది. మార్గరెట్ బెస్ట్ అనే తల్లి తన కొడుకు తరఫున వెల్‌కమ్ ఫౌండేషన్ అనే మందుల కంపెనీ మీద నడిపిన కేసు అది. లా విద్యార్థులు దాన్ని మందులు తయారుచేసేవాళ్ల నిర్లక్ష్యం అనే పాఠం కింద చదువుకుంటారు. నేను చరిత్ర పాఠాలు చెప్పేదాన్ని కాబట్టి దాన్ని ఇంకోలా చదువుకున్నాను. బిడ్డకి ఏం జరిగిందో, ఎప్పుడు జరిగిందో చెప్పిన ఒక ఆడమనిషి మాటకి న్యాయస్థానం ఎంత విలువనిచ్చింది? ఆ విలువ దక్కడానికి ఆమె మాట పక్కన ఇంకేం చేరాల్సివచ్చింది?

1969లో, నాలుగు నెలలు దాటిన బిడ్డకి ఆమె ట్రిపుల్ టీకా వేయించింది. కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం మూడింటికీ కలిపి వేసే సూది. ఆ తర్వాత కొద్దిసేపటికే బిడ్డకి ఫిట్స్ మొదలయ్యాయని ఆమె చెప్పింది. మెదడు దెబ్బతిన్న ఆ పిల్లవాడు మాట రాకుండా, తనంతట తాను ఏ పనీ చేసుకోలేకుండా పెరిగాడు. ఆమె కోర్టుకెళ్లింది. కంపెనీ తన దగ్గరున్న రికార్డులు బయటపెట్టక తప్పలేదు. వాటిలో దొరికింది 3741 అనే బ్యాచ్ కథ. ఎలుకల మీద చేసే భద్రతా పరీక్షలో ఆ బ్యాచ్ తప్పింది. దాని తీవ్రత కూడా ఉండాల్సినదానికంటే బాగా ఎక్కువ. అయినా దాన్ని బయటికి పంపారు.

ఇంత దొరికాక కూడా హైకోర్టులో ఆమె ఓడిపోయింది! బ్యాచ్‌ని వదలడం కంపెనీ తప్పేనని జడ్జి ఒప్పుకున్నాడు. కానీ ఫిట్స్ టీకా వేసిన వెంటనే మొదలయ్యాయా? తల్లి ఔనంటోంది. కుటుంబ డాక్టరు రికార్డులో మాత్రం ఫిట్స్ ప్రస్తావన నెలల తర్వాత గానీ కనపడదు. తల్లి అబద్ధం చెబుతోందని జడ్జి అనలేదు. కాగితంలో లేదు కాబట్టి నిర్ధారణ కాలేదన్నాడు. ఈ మర్యాద మనందరికీ తెలిసిందే. 'అమ్మా, మీరు కంగారులో ఉండి ఉంటారు' అనే ఆస్పత్రి మర్యాదకీ దానికీ పెద్ద తేడా లేదు.

సుప్రీంకోర్టు ఆ తీర్పుని తిరగరాసింది. రికార్డులో ఆ సంగతి లేకపోయినంత మాత్రాన తల్లి సాక్ష్యాన్ని తోసిపుచ్చడం కుదరదంది. మరుసటి ఏడాది 27 లక్షల 50 వేల ఐరిష్ పౌండ్ల పరిహారం ఖరారైంది. అప్పటికి ఆ పిల్లవాడికి 24 ఏళ్లు. ఇలాంటి పరిహారాల్లో పెద్ద భాగం జీవితకాలపు సంరక్షణ ఖర్చే. అన్నం తినిపించడం, కడగడం, రాత్రిళ్లు లేచి పక్కకి ఒత్తిగిలించడం, ఫిట్స్ వస్తే నాలుక కరుచుకోకుండా కనిపెట్టుకుని ఉండడం - ఇరవైనాలుగేళ్లుగా ఒక ఆడమనిషి జీతం లేకుండా చేస్తూ వచ్చిన పని. ఇంటిచాకిరికి వెలకట్టాలని మనం ఎన్ని వ్యాసాలు రాశామో! ఆ లెక్క వేసే చోటు ఒకటుంది. అయితే అక్కడికి చేరాలంటే ముందు బిడ్డ పాడైపోవాలి, తర్వాత కేసు గెలవాలి.

మళ్లీ ఆ తేదీ దగ్గరికే వస్తాను. మా అమ్మకి తన పిల్లల పుట్టినరోజులు తేదీల్లో తెలియవు. పెద్దది పుట్టినప్పుడు చెరువు తెగింది, నువ్వు పుట్టినప్పుడు మిరపకాయలు ఎండబోశాం అంటుంది. ఆ జ్ఞాపకంలో వరస తప్పదు, తేదీ ఉండదు. హైదరాబాదులో స్త్రీశక్తి సంఘటన వాళ్లు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల దగ్గరికి టేప్ రికార్డరు పట్టుకుని వెళ్లి, 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు, ఇలాంటి కాలగణననే చరిత్రగా నిలబెట్టారు. పత్రాల్లో లేనిది జరగలేదని అనడం ఎంత సులువో, ఎంత మంది స్త్రీలని ఆ ఒక్క మాటతో చెరిపేయవచ్చో ఆ పుస్తకం నేర్పింది. కోర్టు కూడా ఒక రకంగా చరిత్రకారుడి పనే చేస్తుంది. కాకపోతే తప్పు చేస్తే తిరిగి రాసుకోవడానికి దానికి రెండో ముద్రణ ఉండదు, అప్పీలు ఉంటుంది, అదీ డబ్బున్నవాళ్లకి.

అయితే ఒక చిక్కుంది. దాన్ని దాటేసి రాయడం నాకు ఇష్టం లేదు. ముందు సూది, తర్వాత ఫిట్స్ అన్న వరసని తల్లి ఖచ్చితంగా చెప్పగలదు. సూది వల్లే ఫిట్స్ అన్నది వరస చెప్పే సంగతి కాదు. ట్రిపుల్ టీకా వేసే వయసూ, చంటిపిల్లల్లో కొన్ని మూర్ఛవ్యాధులు బయటపడే వయసూ ఒకటే. బ్రిటన్‌లో ఈ చిక్కే ఒక ఉద్యమాన్ని పదిహేనేళ్లు పట్టి లాగింది.

రోజ్‌మేరీ ఫాక్స్ కూతురికి 1962లో పోలియో టీకా తర్వాత ఫిట్స్ వచ్చాయి. 1973లో ఆమె మరో తల్లి రెనీ లెనన్‌తో కలిసి, టీకాల వల్ల దెబ్బతిన్న పిల్లల తల్లిదండ్రుల సంఘం పెట్టింది. వాళ్లు అడిగింది టీకాలు ఆపమని కాదు. ప్రజలందరి మేలుకోసం వేయించుకోమని ప్రభుత్వమే చెప్పింది కాబట్టి, నష్టం జరిగినవాళ్ల బాధ్యత ప్రభుత్వం తీసుకోవాలని అడిగారు. మరుసటి ఏడాది లండన్‌లోని ఒక పిల్లల ఆస్పత్రి డాక్టర్లు కోరింత దగ్గు టీకా తర్వాత నరాల జబ్బులు వచ్చిన 36 మంది పిల్లల గురించి ఒక వ్యాసం ప్రచురించారు. అది పత్రికలకెక్కింది, టీవీకెక్కింది. 80 శాతం దగ్గరున్న ఆ టీకా వాడకం ఏడెనిమిదేళ్లు తిరక్కుండానే 30 శాతానికి పడిపోయింది. 1977-79 మధ్య లక్షమందికి పైగా కోరింత దగ్గు బారిన పడ్డారు. పిల్లలు చనిపోయారు. ఆ చావులకి కారణం ఎవరని నన్నెవరైనా అడిగితే, మొదటి వేలు ఆ తల్లుల వైపు చూపించను. ఏళ్ల తరబడి వాళ్ల ఉత్తరాలకి పొడి జవాబులిచ్చి, సమస్యే లేదని చెప్పిన ప్రభుత్వ శాఖని చూపిస్తాను. నష్టం జరిగితే మేం చూసుకుంటాం అని ముందే చెప్పిన ప్రభుత్వాన్ని జనం అంత తేలిగ్గా అనుమానించరు.

పియర్సన్ కమిషన్ 1978లో ఇచ్చిన నివేదికలో ఆ తల్లుల వాదనకే మొగ్గుచూపింది. 1979లో టీకా నష్టాల చెల్లింపు చట్టం వచ్చింది. ఎవరి తప్పో నిరూపించక్కర్లేదు. 10 వేల పౌండ్లు ఒకేసారి ఇస్తారు. షరతు ఏమిటంటే అంగవైకల్యం 80 శాతం ఉండాలి. 79 శాతం దెబ్బతిన్న బిడ్డ తల్లికి ఏమీ రాదు! ఈ 80ని 60కి దించడానికి 2002 దాకా పట్టింది. మొత్తాన్ని 2007లో లక్షా 20 వేల పౌండ్లు చేశారు. అదీ పరిహారం కాదు, సహాయం మాత్రమేనని ప్రభుత్వం మొదటినుంచీ చెబుతూనే వచ్చింది. పరిహారం అంటే హక్కు ఒప్పుకున్నట్టు, సహాయం అంటే దయ చూపినట్టు. వరకట్న చావుల దగ్గర్నుంచి నక్సలైట్ ఎన్‌కౌంటర్ల దాకా 'ఎక్స్‌గ్రేషియా' అన్న మాట విన్న మనకి ఈ తేడా వివరించక్కర్లేదు.

పూర్తి పరిహారం కోసం కోర్టుకెళ్లినవాళ్ల కథ 1988 మార్చిలో ముగిసింది. లవ్‌డే కేసులో జడ్జి స్టువర్ట్-స్మిత్, కోరింత దగ్గు టీకా పిల్లల మెదడుకి శాశ్వత నష్టం చేయగలదని సంభావ్యతల తూకంలో రుజువు కాలేదన్నాడు. ఫలానా బిడ్డకి నష్టం జరిగిందా అన్న ప్రశ్న దాకా వెళ్లకుండానే దారి మూసుకుపోయింది. అదే టీకా, అదే కంపెనీ, నాలుగేళ్ల తర్వాత పక్క దేశంలో తల్లి గెలిచింది. తేడా ఎక్కడుంది? మార్గరెట్ బెస్ట్ దగ్గర బ్యాచ్ నంబరుంది. ఆ నంబరు పట్టుకుని వెళితే కంపెనీ సొంత పరీక్షల్లోనే తప్పిన సంగతి దొరికింది. ఆమె మాటకి బలం వచ్చింది ఎదుటివాళ్ల కాగితంలోంచే.

తర్వాత సైన్సు ఈ కథకి ఇంకో మలుపు ఇచ్చింది. 2006లో ఆస్ట్రేలియా పరిశోధకులు, టీకా వల్లే మెదడు దెబ్బతిందని అప్పటిదాకా చెప్పుకున్న 14 మందిని పరీక్షిస్తే 11 మందిలో ఒక జన్యువులో మార్పు కనిపించింది. డ్రావే సిండ్రోమ్ అనే తీవ్రమైన మూర్ఛవ్యాధికి కారణమయ్యే మార్పు అది. టీకా తర్వాత వచ్చే జ్వరం మొదటి ఫిట్‌ని రప్పించవచ్చు. జబ్బు మాత్రం అంతకుముందే బిడ్డలో ఉంది. ఆ తల్లులు చూసింది నిజం, చెప్పిన వరస నిజం. కారణం వాళ్లకీ, వాళ్లని కాదన్న డాక్టర్లకీ, తీర్పులిచ్చిన జడ్జీలకీ అప్పట్లో తెలిసే అవకాశమే లేదు. ఈ పరిశోధన చదివినప్పుడు, చూశారా ఆ ఆడవాళ్లది అంతా భ్రమ అని తేల్చేసినవాళ్లని చూశాను. నాకు వేరే ప్రశ్న వచ్చింది. సైన్సు జవాబు 2006లో వచ్చింది. 1969లో, 1973లో ఆ బిడ్డలకి అన్నం తినిపించాల్సింది ఆ రోజే కదా! కారణం తేలేదాకా భారమంతా తల్లి మీదే ఉండాలని ఎవరు నిర్ణయించారు?

ఈ ప్రశ్నకి జర్మనీ ఇచ్చిన జవాబు మిగతావాళ్ల కంటే నాకు నచ్చింది. 1794 నాటి ప్రష్యా న్యాయస్మృతిలో ఒక సూత్రముంది. అందరి మేలు కోసం ఒకరు తమ హక్కుని వదులుకోవాల్సివస్తే, రాజ్యం వాళ్లకి పరిహారమివ్వాలి. 1953లో జర్మనీ ఉన్నత న్యాయస్థానం దీన్ని నిర్బంధ మశూచి టీకాకి వర్తింపజేసింది, 1961లో అంటువ్యాధుల చట్టంలోకి ఎక్కించారు. అక్కడ దోషి ఎవరన్న వెతుకులాట లేదు. టీకా మంచిదే, వేయడమూ సరైనదే, అయినా నీకు నష్టం జరిగింది, ఆ నష్టం అందరిదీ అన్న మాట ఉంది. టీకాని సమర్థించేవాళ్లే ముందుగా అడగాల్సిన చట్టం ఇది. మన దగ్గర ఈ డిమాండుని టీకా వ్యతిరేకులకి వదిలేశారు.

అమెరికాది పక్కా లెక్కల పద్ధతి. 1982లో అసంతృప్త తల్లిదండ్రులు కొందరు కూడి పెట్టిన సంఘం ఒత్తిడీ, కేసుల భయంతో మార్కెట్‌నుంచి తప్పుకుంటామన్న కంపెనీల బెదిరింపూ కలిసి 1986లో చట్టమైంది. ప్రతి డోసు మీద, అది ఆపే ఒక్కో జబ్బుకీ 75 సెంట్ల పన్ను. ఆ నిధిలోంచి పరిహారం. ఒక పట్టిక పెట్టుకున్నారు: ఫలానా టీకా తర్వాత ఫలానా గంటల్లో ఫలానాది జరిగితే టీకా వల్లేనని అనుకోవాలి, కాదని చూపించే భారం అవతలివాళ్లది. తల్లి చెప్పే వరసకి చట్టంలో ఒక గడి దొరికిందన్నమాట. 1995లో ట్రిపుల్ టీకా తర్వాతి మూర్ఛవ్యాధిని ఆ పట్టికలోంచి తీసేశారు. గడి మూసుకుపోయింది. ఆ తల్లిదండ్రుల సంఘమేమో క్రమంగా టీకాల మీదే అనుమానాలు పెంచే సంస్థగా మారింది. న్యాయం అడిగే గొంతు ఏ దశలో అలా దారి తప్పుతుందో ఎవరైనా శ్రద్ధగా రాయాలి.

ఇక మన దగ్గరికి వద్దాం. 1902 అక్టోబరు 30న పంజాబులోని ముల్కోవాల్ అనే ఊళ్లో ప్లేగు టీకా వేయించుకున్న 107 మందిలో 19 మంది ధనుర్వాతంతో చనిపోయారు. 19 మందికీ మందు వచ్చింది ఒకే సీసాలోంచి. టీకా కనిపెట్టిన హాఫ్‌కిన్‌ని పదవినుంచి తప్పించారు. తర్వాత తప్పు ఊళ్లో సీసా తెరిచినప్పుడు జరిగిందన్న వాదన బలపడి, 1907లో ఆయనకి నిర్దోషిత్వం దక్కింది. ఇదంతా హాఫ్‌కిన్ అనే గొప్ప శాస్త్రవేత్తకి జరిగిన అన్యాయంగా చరిత్రలో నిలిచిపోయింది. అన్యాయమే, కాదనను. నేను చదివిన కథనాల్లో ఆ 19 మంది ఒక అంకె. వాళ్లలో ఆడవాళ్లెందరో, వెనక ఎవరు మిగిలారో, వాళ్లకి సర్కారు ఏమిచ్చిందో ఆ కథనాలు పట్టించుకోలేదు.

1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్యకేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజక్షన్‌ని స్త్రీల మీద ప్రయోగిస్తున్నారని తెలిసి, స్త్రీశక్తి సంఘటన సభ్యులు అక్కడికెళ్లారు. అది టీకా కాదు, కానీ సూది సూదే. అది ప్రయోగమన్న సంగతి ఆ ఆడవాళ్లకి చెప్పారా అన్నదే వాళ్ల ప్రశ్న. 1986లో ఢిల్లీ సహేలీతో కలిసి సుప్రీంకోర్టుకెళ్లారు. కేసు 2000 దాకా సాగింది. ఆ మందుని సామూహిక కుటుంబ నియంత్రణ కార్యక్రమంలో పెట్టబోమని ప్రభుత్వం చెప్పడంతో ముగిసింది. అది గెలుపే. అయితే పటాన్‌చెరులో సూది వేయించుకున్న స్త్రీలకి తర్వాత ఏమైనా అయితే ఎవరిది బాధ్యత అన్న ప్రశ్నకి ఆ కేసులో చోటు దొరకలేదు. మన ఉద్యమం చాలాసార్లు ఆపడంలో గెలిచింది, జరిగిపోయినదాని లెక్క తేల్చడంలో అంతగా గెలవలేదు.

2009 జులైలో ఖమ్మం జిల్లాలో హెచ్.పి.వి. టీకా మొదలైనప్పుడు ఈ కథ ఇంకా పెద్దదై మన ముందుకొచ్చింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ని అడ్డుకునే టీకా. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు, సుమారు 14 వేల మంది. గుజరాత్‌లోని వడోదర జిల్లాలో ఇంకో పది వేల మంది. నడిపింది పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధనా మండలి, రాష్ట్ర ప్రభుత్వాలు. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది. టీకాలు కంపెనీలు ఉచితంగా ఇచ్చాయి, ఖమ్మానికి మెర్క్ వారి గార్డసిల్, వడోదరకి గ్లాక్సో వారి సెర్వారిక్స్. ఖమ్మం పిల్లల్లో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉండి చదువుకుంటున్న గిరిజన బాలికలు. ఒకేచోట వందలమంది దొరుకుతారు, మూడు డోసులకీ మళ్లీ అక్కడే ఉంటారు. అమ్మానాన్నలు మాత్రం అక్కడ ఉండరు.

2010 మార్చి చివర్లో సమ అనే స్త్రీల ఆరోగ్య సంస్థ నిజనిర్ధారణ బృందం భద్రాచలం వెళ్లింది. కడుపునొప్పి, తలనొప్పి, నెలసరిలో మార్పుల గురించి పిల్లలు చెప్పారు. కొందరు పిల్లల మరణాల సంగతి అప్పటికే బయటికొచ్చింది. బృందా కారత్ లాంటివాళ్లు గట్టిగా పట్టుకున్నారు. ఏప్రిల్‌లో కేంద్రం కార్యక్రమాన్ని నిలిపేసింది. రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు. ప్రభుత్వం వేసిన విచారణ సంఘం ఈ మరణాలకి టీకాతో సంబంధం ఉండకపోవచ్చని 2011లో చెప్పింది. పాము కాటు, నీళ్లలో మునగడం, పురుగుల మందు, మలేరియా - కారణాలుగా ఇవి వినపడ్డాయి.

ఈ కారణాలు అబద్ధమని నేను అనడం లేదు. ప్రపంచమంతా కోట్లమంది పిల్లలకి వేసిన టీకా అది, మంచిదేనని తేలిన టీకా. మన్యంలో పాము కాటుకీ మలేరియాకీ ఆడపిల్లలు చనిపోవడం కొత్తా కాదు. (పద్నాలుగేళ్ల పిల్ల పురుగుల మందు ఎందుకు తాగిందన్నది టీకాతో సంబంధం లేదని తేలగానే ఎవరికీ అక్కర్లేని ప్రశ్న అయిపోయింది చూడండి.) నన్ను ఆపింది ఆ నివేదికలోని వేరే అంకె. ఆంధ్రప్రదేశ్‌లోని 9,543 అంగీకార పత్రాలు చూస్తే, 1,948 మీద వేలిముద్రలున్నాయి. 2,763 మీద హాస్టల్ వార్డెన్లు సంతకం చేశారు.

2,763 మంది పిల్లల తల్లులకి తమ కూతురికి ఏ సూది వేశారో తెలియజేసే కాగితం ఎప్పుడూ చేతికి రాలేదని ఆ అంకెకి అర్థం. మార్గరెట్ బెస్ట్ అయినా, రోజ్‌మేరీ ఫాక్స్ అయినా బిడ్డ పక్కనే ఉన్నారు. సూది వేయించిన రోజు వాళ్లకి తెలుసు, ఆ రాత్రి వాళ్లు చూశారు. వాళ్ల మాటని కోర్టు నమ్మడమో నమ్మకపోవడమో తర్వాతి సంగతి. భద్రాచలం హాస్టల్లో సూది వేయించుకున్న పిల్ల తల్లి దగ్గర ఆ మాట కూడా లేదు. ఆమె చూడలేదు కాబట్టి సాక్షి కాదు. సాక్షి కాగలిగినది వార్డెన్, సంతకం పెట్టినదీ వార్డెనే. పిల్లలకి కలిగిన ఇబ్బందుల్ని కనిపెట్టి చూసే ఏర్పాటు సరిగా లేదని, స్వతంత్రమైన పర్యవేక్షణ లేదని పార్లమెంటు స్థాయీ సంఘం 2013 ఆగస్టు 30న ఇచ్చిన తన 72వ నివేదికలో కఠినంగానే రాసింది. అలాంటి ఏర్పాటు లేకపోతే పోయింది నష్టపోయిన పిల్ల కేసొక్కటే కాదు. టీకా నిర్దోషి అని నమ్మకంగా చెప్పే ఆధారమూ పోయింది. తర్వాత పదేళ్లపాటు ఆ టీకా పేరెత్తితే ఖమ్మం గుర్తుచేసుకుని భయపడిన తల్లుల్ని తప్పుపట్టేవాళ్లు ఈ సంగతి ఆలోచించాలి.

దీనిలో ఒక విచిత్రముంది. 2010లో ఖమ్మం గొడవతో దేశంలో ఈ టీకా అధ్యయనాలన్నీ ఆగిపోయినప్పుడు, వేరే రాష్ట్రాల్లో జరుగుతున్న ఇంకో పరిశోధనలో చాలామంది ఆడపిల్లలు ఒకే డోసుతో మిగిలిపోయారు. వాళ్లని ఏళ్ల తరబడి గమనిస్తే ఒక్క డోసు కూడా బాగా కాపాడుతుందని తేలింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహాదారులు ఒక డోసు చాలనడానికి ఆధారాల్లో అదొకటి. లోకం అంతటికీ లాభం వచ్చిన ఆ ఆగిపోవడానికి కారణమైన పిల్లల ఖాతాలో ఏమీ పడలేదు. జర్మనీ సూత్రం నాకు గుర్తొచ్చేది ఇక్కడే.

చట్టం దగ్గరికి వస్తే పేర్ల ఆట మొదలవుతుంది. క్లినికల్ ట్రయల్‌లో నష్టం జరిగితే పరిహారమివ్వాలన్న నిబంధన 2013 జనవరిలో వచ్చింది. ఖమ్మం దానికి ముందుది. పైగా నడిపినవాళ్లు దాన్ని ట్రయల్ అనలేదు, నమూనా కార్యక్రమం అన్నారు, పరిశీలన అధ్యయనం అన్నారు. పార్లమెంటు సంఘం ఆ పేర్లని ఒప్పుకోలేదు, అది ట్రయలేనంది. పేరు మారితే పిల్ల హక్కు మారిపోతుందా! సరే, వినియోగదారుల ఫోరంకి వెళదామంటే అక్కడ 1995 నాటి వి.పి. శాంత కేసు తీర్పు అడ్డం. ఎవరి దగ్గరా డబ్బు తీసుకోకుండా అందరికీ ఉచితంగా వైద్యం చేసే సర్కారు ఆస్పత్రి ఆ చట్టం కిందికి రాదు. కార్పొరేట్ ఆస్పత్రిలో డబ్బు కట్టి టీకా వేయించుకున్న తల్లి వినియోగదారు, సబ్‌సెంటర్ ముందు లైన్లో నిలబడి వేయించిన తల్లి కాదు. ప్రైవేటు మోజుని తిట్టుకునే నాలాంటివాళ్లకి ఇది మింగుడుపడని నిజం.

ఖమ్మం పిల్లల తరఫున సుప్రీంకోర్టుకెళ్లింది కూడా స్త్రీల ఆరోగ్య ఉద్యమంలో ఉన్నవాళ్లే. 2012లో కల్పనా మెహతా తదితరులు, 2013లో సమ. కార్యక్రమం ఎలా నడిచిందో తేల్చాలని, నష్టపోయినవాళ్లకి పరిహారమివ్వాలని అడిగారు. పార్లమెంటు నివేదికని చూపించారు. వెంటనే ఇంకో వాదం లేచింది: పార్లమెంటు సంఘం నివేదికని కోర్టులో సాక్ష్యంగా చూడవచ్చా? అది సభ హక్కులకి భంగం కాదా? ప్రశ్న ఐదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం దాకా వెళ్లింది. 2018 మే 9న, చూడవచ్చని, అయితే ఆ నివేదికని కోర్టులో తప్పుపట్టడం గానీ సవాలు చేయడం గానీ కుదరదని ధర్మాసనం చెప్పింది. మంచి తీర్పు, రాజ్యాంగ చట్టం పాఠాల్లో ఎప్పటికీ ఉంటుంది. ఒక కాగితాన్ని చదవవచ్చా అన్నది తేలడానికి అంతకాలం పట్టింది. 2009లో పదేళ్ల పిల్లకి అప్పటికి 19, పద్నాలుగేళ్ల పిల్లకి 23. వాళ్లలో కొందరు తల్లులై, తమ బిడ్డలకి టీకాలు వేయించడానికి అదే ఆరోగ్యకేంద్రానికి వెళుతూ ఉండి ఉంటారు.

కోవిడ్ టీకా తర్వాత కూతుళ్లని పోగొట్టుకున్న తల్లిదండ్రులు వేసిన కేసులో కేంద్ర ప్రభుత్వం 2022 నవంబరులో సుప్రీంకోర్టుకి ఒక అఫిడవిట్ ఇచ్చింది. టీకా వేయించుకోవడం స్వచ్ఛందం, అరుదైన దుష్ప్రభావాలకి ప్రభుత్వాన్ని బాధ్యురాలిని చేయడం కుదరదు, నష్టపోయామనుకునేవాళ్లు సివిల్ కోర్టుకి వెళ్లి నిర్లక్ష్యం నిరూపించుకోవచ్చు అని అందులో ఉంది. నేను ఆ మాటల్ని తిరుమలాయపాలెం పక్కన ఏదో ఊరినుంచి బయల్దేరే ఒక తల్లికి అన్వయించి చూశాను. పరిహారం ఎంత అడిగితే దానికి తగ్గ కోర్టు ఫీజు కట్టాలి. ఖమ్మంలో ఒక వకీలుని పట్టుకోవాలి. ఏ రోజు వేశారు, ఏ చెయ్యికి వేశారు, ఎవరు వేశారు అని వకీలు అడుగుతాడు. అంగీకార పత్రం నకలు కావాలంటాడు, దాని మీద ఉన్నది వార్డెన్ సంతకం. పోస్టుమార్టం కాగితం అడుగుతాడు. ఆఖరికి బ్యాచ్ నంబరు అడుగుతాడు.